ఒక్క విగ్రహము, నూరు నడకలు: ఎస్.వి. రంగారావు

మనుచరిత్రము చదివిన ప్రతి విద్యార్థికి ప్రవరాఖ్యుడు పరిచితుడే. అల్లసాని పెద్దన తీర్చిదిద్దిన ఆ బ్రాహ్మణ యువకుడు మన్మథుని వంటి రూపము గలవాడు. హిమాలయముపై దారి తప్పి, గంధర్వకాంత వరూధిని తానై వచ్చి వలచినను చలింపక, అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరుకొన్నవాడు. ఈ కథను 1947లో బి.వి. రామానందము 'వరూధిని' అను పేర చలనచిత్రముగా నిర్మించినప్పుడు, ప్రవరుని వేషమునకు ఇరువది యెనిమిదేండ్ల కొత్త నటుని తెచ్చినారు. ఆరడుగుల విగ్రహము, విశాలమైన నేత్రములు, గంభీరమైన కంఠము గల ఆ యువకునికి నాయకలక్షణములు లేవని యెవరును అనజాలరు. అయినను చిత్రము నిలువలేదు. మరియొక అవకాశము ఆయన తలుపు తట్టలేదు. చెన్నపట్నము వదలి, దూరముగా ఉన్న జంషెడ్‌పురమునకు పోయి, ఆయన టాటా కంపెనీలో ఉద్యోగములో చేరినారు.

సినిమా లోకము ఒకసారి కాదన్న మనిషి తిరిగి వచ్చుట అరుదు. వచ్చినను, పోగొట్టుకొన్న నాయకస్థానమునకే ఆశపడి నలిగిపోయినవారు చాలమంది కలరు. సామర్ల వెంకట రంగారావు తిరిగి వచ్చినారు. కాని ఆ స్థానము కొఱకు కాదు. ఆయన నాయకుని ప్రక్కన, నాయకునికి ఎదురుగా, నాయకునికి తండ్రిగా నిలిచినారు. తెలుగుదేశములో జనులు నాయకుని పేరు కాక మరియొకని పేరు అడిగి టిక్కెట్టు కొనుట నేర్చుకొన్నది చాలవరకు ఆయన వలననే.

రంగారావు 1918 జూలై 3వ తేదీన కృష్ణాజిల్లా నూజివీడులో జన్మించినారు. తండ్రి కోటేశ్వరరావు ఎక్సైజు శాఖలో ఉద్యోగి. ఉద్యోగరీత్యా తండ్రికి ఊరూరా బదిలీలు తప్పనందున బాలుడు నాయనమ్మ వద్ద చెన్నపట్నములో పెరిగినాడు. తిరువళ్ళిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదువు సాగినది. ఇంట తెలుగు, వీధిలో అరవము, బడిలో ఇంగ్లీషు: మూడు భాషలు చెవిని పడుచు పెరిగిన ఆ బాల్యము ముందు ముందు ఆయనకు ఎంత అక్కరకు వచ్చినదో తరువాత తెలియగలదు. పాఠశాల నాటకములో వేషము కట్టిననాడే ఆయనకు ఆ రుచి పట్టినది. ఊరిలో నాటకమున్నదని వినిన చాలు, చూచి రావలసినదే.

కళాశాల చదువు విశాఖపట్టణములోను, కాకినాడలోను జరిగినది. కాకినాడ ఆ రోజులలో నాటకములకు పుట్టిల్లు. అచ్చటి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అను సంఘములో రంగారావు సభ్యులైనారు. తరువాత తెరపై వెలుగొందిన అంజలీదేవి, సంగీత దర్శకుడుగా పేరు గడించిన ఆదినారాయణరావు ఆ సంఘమువారే. షేక్స్పియరు నాటకములలోని షైలాకు, ఒథెల్లో వంటి వేషములను కూడ ఆ దినములలో ఆయన ధరించినారు. బి.ఎస్‌సి. పట్టము చేత నున్న యువకునికి నాటకము అన్నము పెట్టదని పెద్దలు చెప్పి యుందురు. ఆయన అగ్నిమాపక శాఖలో అధికారిగా చేరి బందరులోను, విజయనగరములోను పనిచేసినారు. మంటలార్పు ఉద్యోగములో మంటలు లేని రోజులే యెక్కువ. ఖాళీ దినములు మనసును వేధింపగా, ఆ కొలువు వదలి 'వరూధిని'కి వచ్చినారు. ఆ పిమ్మట జరిగినది పైన చెప్పబడినదే.

1947 చివర ఆయన వివాహము చేసికొన్నారు. జంషెడ్‌పురములో సంసారము, నెల జీతము, తీరిక వేళలలో నాటకములు: అంతటితో కథ ముగిసిన యెడల తెలుగు చలనచిత్రము ఎంత పోగొట్టుకొనెడిదో ఊహించుట కష్టము. దర్శకుడు బి.ఎ. సుబ్బారావు తాను తీయుచున్న 'పల్లెటూరి పిల్ల'కు రమ్మని పిలిచినప్పుడు, విధి మరల ఒక పరీక్ష పెట్టినది. సరిగా ఆ సమయమునకే తండ్రి మరణించినారు. కర్మకాండలు ముగించి చెన్నపట్నము చేరునప్పటికి ఆయన కొఱకు ఉంచిన ప్రతినాయక పాత్ర మరియొకరికి ఇచ్చివేసినారు. నిర్మాత కాలము కొఱకు ఆగలేడు గదా! మిగిలినది ఒక చిన్న వేషము. కోపించి రైలెక్కి వెళ్ళిపోయి యుండిన ఎవరును తప్పు పట్టరు. ఆయన ఆ చిన్న వేషమును స్వీకరించి చెన్నపట్నములోనే నిలిచిపోయినారు.

ఆ సంవత్సరమే, అనగా 1950లో, నాగిరెడ్డి చక్రపాణులు తమ విజయా సంస్థ తొలిచిత్రము 'షావుకారు'ను ఎల్.వి. ప్రసాదు దర్శకత్వములో నిర్మించినారు. అందులో సున్నపు రంగడు అను రౌడీ పాత్ర రంగారావుకు లభించినది. పల్లెటూరిలో ప్రతివారును ఎఱిగిన మనిషి సున్నపు రంగడు. కిరాయికి కొట్టువాడు, అయినను వానికొక నీతి కలదు. ఇట్టివానిని ప్రేక్షకులు తమ ఊరిలో చూచినారే కాని తెరపై చూచి యుండలేదు. మోటుతనమును వేషములో కాక మాటలోని విరుపులో, చూపులోని నిర్లక్ష్యములో చూపిన ఆ నటుని విజయావారు గుర్తుంచుకొన్నారు.

మరుసటి సంవత్సరము, 1951 మార్చిలో 'పాతాళభైరవి' విడుదలయినది. తోటరాముడుగా నందమూరి తారకరామారావు, నేపాళ మాంత్రికుడుగా రంగారావు. దర్శకుడు కె.వి. రెడ్డి; కథాసంభాషణలు పింగళి నాగేంద్రరావు; ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లే. ఈ చిత్రముతో రామారావు ఆంధ్రుల ఆరాధ్య నాయకుడైనాడు. ఆ విషయము లోకమునకు తెలిసినదే. అయితే కథను నడుపువాడు మాంత్రికుడు. సాహసవంతుడైన యువకుని వెదకువాడు వాడు. వానిని గుహకు తీసికొనిపోవువాడు వాడు. అమ్మవారికి బలి ఈయదలచి తానే బలియై, శిష్యుడు సదాజపుని మూలమున సంజీవనితో బ్రదికి, రెట్టించిన కసితో తిరిగి వచ్చువాడు వాడు. ముప్పది మూడేండ్లు నిండని రంగారావు ఆ గడ్డమును, ఆ జుట్టును, మెడ ముందుకు చాచి పరిసరములను వాసన చూచునట్లు నడచు ఆ నడకను ధరించి, వయస్సు చెప్పజాలని ఒక వింత జీవిని సృష్టించినారు. ఆయన శిష్యుని పిలుచు తీరును, రాముని సంబోధించు తీరును అనుకరించుట పల్లెలలో పిల్లలకు ఆట అయినది. డెబ్బది యేండ్లు గడచిన పిమ్మట కూడ ఆ పిలుపులు తెలుగువారి నోట నానుచునే యున్నవి.

ఇచ్చట కొంచెము ఆగి చూడవలసిన విషయ మొకటి కలదు. తెలుగు చలనచిత్రము నాటకరంగము నుండి పుట్టినది. నాటకములో రాక్షసుడన్నను, మాంత్రికుడన్నను, పందిరి చివర కూర్చున్నవానికి వినబడునట్లు అరవవలెను. పద్యము చివర రాగము సాగదీయవలెను. కన్నులెఱ్ఱజేసి పండ్లు కొఱుకవలెను. ఆ సంప్రదాయమునకు గొప్ప ప్రతినిధి వేమూరి గగ్గయ్య. 1933 నాటి 'సావిత్రి'లో యముడుగా, 1935 నాటి 'శ్రీకృష్ణలీలలు'లో కంసుడుగా ఆయన గర్జించిన తీరును పాతతరము వారు కథలుగా చెప్పుకొనెడివారు. అది తక్కువ కళ కాదు. ఆ కాలమునకు తగిన కళ. కాని మైక్రోఫోను నటుని పెదవికి రెండడుగుల దూరములోనికి వచ్చిన పిమ్మట అరుపుతో పని లేకపోయినది. కెమెరా ముఖమునకు చేరువయైన పిమ్మట కనుబొమ యొకటి కదలిన చాలును. ఈ మార్పును గ్రహించిన నటులు మరికొందరు ఉన్నారు. చిత్తూరు నాగయ్య శాంతరసములో దానిని ముందే సాధించినారు. క్రౌర్యమును, గర్వమును, కామమును గూడ మెల్లగా చెప్పవచ్చునని, మెల్లగా చెప్పినప్పుడే అవి మరింత భయపెట్టునని చూపినవారు మాత్రము రంగారావు. విచిత్రమేమనగా, గగ్గయ్య ధరించిన ఆ రెండు పాత్రలును తరువాత రంగారావుకు వచ్చినవి: 1957 నాటి 'సతీసావిత్రి'లో యముడు, 1959 నాటి 'శ్రీకృష్ణలీలలు'లో కంసుడు. రెండు తరముల నటనలో భేదమేమో తెలిసికొనగోరువారు ఈ పాత్రలను ప్రక్క ప్రక్కన నిలిపి ఆలోచింపవచ్చును.

దుష్టపాత్రలతో పేరు వచ్చిన నటుని ఆ పెట్టెలోనే పెట్టి మూత వేయుట సినిమావారి ఆచారము. రంగారావు విషయములో ఆ మూత పడలేదు. 1952లో 'పెళ్ళిచేసి చూడు', 1953లో 'దేవదాసు', 1955లో 'మిస్సమ్మ': వరుసగా పెద్దమనుషుల వేషములు వచ్చినవి. ఇందులో ఒక వింత కలదు. దేవదాసు తండ్రియైన జమీందారుగా నటించినప్పుడు ఆయనకు ముప్పది ఐదేండ్లు నిండలేదు. కుమారుడుగా నటించిన అక్కినేని నాగేశ్వరరావు ఆయనకంటె ఐదారేండ్లు మాత్రమే చిన్న. 1962లో 'గుండమ్మ కథ' వచ్చునప్పటికి రామారావు, నాగేశ్వరరావు ఇరువురును ఆయనకు కుమారులే! రామారావు 1923లో పుట్టినవాడు. ఐదేండ్లు పెద్దవాడు తండ్రిగా కనబడుట, కనబడుటయే కాక ప్రేక్షకులలో ఒక్కరికైనను అనుమానము కలుగకుండుట, తెల్లరంగు పూసిన మీసముల వలన జరుగదు. కుర్చీలో కూర్చుండు తీరు, పిలిచిన వెంటనే కాక క్షణము ఆగి తల త్రిప్పు తీరు, ఇంటిలో తనమాటకు ఎదురు లేదని తెలిసినవాని నెమ్మది: వీనితో ఆయన వయస్సును తెచ్చుకొన్నారు. సూర్యకాంతము వంటి నటి ఎదుట గొంతెత్తక నవ్వించుట ఎంత కష్టమో 'గుండమ్మ కథ' చూచినవారికి తెలియును.

నాయకుని తండ్రిగా మారుటలో నష్టము లేకపోలేదు. ప్రేమగీతములు లేవు, పత్రికలలో పెద్ద బొమ్మలు లేవు, చిత్రము విజయవంతమైన యెడల ఆ పేరు మరియొకరిది. ఆ నష్టమును ఆయన ఎట్లు తీసికొన్నారో తెలిసికొనుటకు 'బంగారు పాప' చూడవలెను. జార్జి ఎలియట్ అను ఆంగ్ల రచయిత్రి వ్రాసిన 'సైలాస్ మార్నర్' నవలను ఆధారముగా గైకొని బి.ఎన్. రెడ్డి 1955లో వెలువరించిన ఈ చిత్రములో కథ అంతయు రంగారావు మీదనే నడచును. చేయని నేరమునకు శిక్ష అనుభవించి, లోకముపై పగబట్టిన కోటయ్య ఆయన. గాలివాన రాత్రి ఒక పసిపాప అతనికి దొరకును. ఆ పాపను ఎత్తుకొన్న చేతులు అంతవరకు ఎవరినైనను చంపుటకు సిద్ధముగా నున్న చేతులు. ఆ చేతులలోని తడబాటు, బిడ్డ ఏడ్చిన ఏమి చేయవలెనో తెలియని మొరటువాని కంగారు, క్రమముగా ముఖములోని గట్టిదనము కరగిపోవుట: వీనిని ఆయన చూపిన తీరు తెలుగు తెర మీద అపూర్వము. పాలగుమ్మి పద్మరాజు, దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి సాహిత్యవేత్తలు పనిచేసిన చిత్రమది. జాతీయస్థాయిలో బహుమతి పొందినది. అయినను ధనము రాలేదు. ఆయనను కేంద్రముగా నుంచి ఇట్టి చిత్రములు వరుసగా తీయుటకు తరువాత ఎవరును సాహసింపలేదు. తెలుగువారు పోగొట్టుకొన్నవానిలో ఇది చిన్నది కాదు.

1957 మార్చిలో 'మాయాబజారు' వచ్చినది. ఘటోత్కచుడు భారతములో భయంకరుడైన రాక్షసుడు. మన జానపదుల నోట భీముని ముద్దుబిడ్డ. ఈ రెండును ఒకే శరీరములో నిలుపుట రంగారావుకు ఒప్పగింపబడిన పని. చిత్రములో ఆయన ప్రవేశము ఆలస్యముగా జరుగును. అడవిలో తన హద్దు దాటివచ్చిన అభిమన్యుని ఎదిరించి, వచ్చినది పినతల్లి సుభద్రయని తెలియగానే గద దించి మ్రొక్కును. ఆ ఒక్క ఘట్టములో రోషము, తెల్లబోవుట, ప్రేమ, పశ్చాత్తాపము నాలుగును త్వరత్వరగా ఒకదాని వెంట ఒకటి వచ్చును. ఆ తరువాత ద్వారకలో వృద్ధుని వేషములో నున్న శ్రీకృష్ణునితో ఎదురుపడినప్పటి గర్వభంగము, కౌరవుల విడిదిలో పెండ్లివంటకములను ఒంటరిగా ఆరగించు ఘట్టము చూడవలసినదే కాని చెప్పనలవి కాదు. బార్ట్లే కెమెరా మాయ వలన లడ్డూలు తమంతట తామే ఎగిరి నోటిలో పడును. ఆ మాయను నమ్మించినది మాత్రము తిను మనిషి ముఖములోని తృప్తి. అంతటి స్థూలకాయము గదను భుజముపై వేసికొని చిన్నపిల్లవానివలె నడచును. బరువు కనబడును, భారము కనబడదు.

ఈ చిత్రములో రంగారావు నటనకు గొప్ప సాక్ష్యము ఆయన తెరపై లేని ఘట్టములలో నున్నది. ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించి ద్వారకలో తిరుగును. అనగా సావిత్రి శశిరేఖగా కాక, శశిరేఖ వేషములో నున్న రంగారావుగా నటింపవలెను. ఆమె తల ఎగురవేయుట, మీసము లేనిచోట మీసము దువ్వబోవుట, కాలు నేలపై మోపుట చూచిన క్షణమే ప్రేక్షకుడు లోపల ఎవరున్నారో గుర్తించి నవ్వును. సావిత్రి ప్రతిభకు అది శిఖరము. కాని అనుకరించుటకు వీలైన స్పష్టమైన నడకను, తీరును ముందు ఒకరు నిర్మించి పెట్టవలెను గదా! పాతాళభైరవి మాంత్రికుని నడక వేరు. గోపాలము జమీందారు నడక వేరు. ఘటోత్కచుని నడక వేరు. దాచుకొనుటకు వీలు కాని ఆ పెద్ద విగ్రహముతోనే ఆయన ఇన్ని నడకలు నడచినారు.

ఆ దశాబ్దము, తరువాతి దశాబ్దము ఆయనకు ఊపిరి సలుపనీయలేదు. 'అనార్కలి'లో అక్బరు పాదుషా, 'హరిశ్చంద్ర'లో సత్యసంధుడైన రాజు, 'సారంగధర'లో రాజరాజనరేంద్రుడు, 'దీపావళి'లో నరకాసురుడు, 'బొబ్బిలి యుద్ధము'లో తాండ్ర పాపారాయుడు, 'పాండవ వనవాసము'లో దుర్యోధనుడు, 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడు, 'సంపూర్ణ రామాయణము'లో రావణుడు. పురాణములోని ప్రతినాయకులందరును ఆయన యింటి చుట్టములా యన్నంత వరుస! అయితే వారందరు ఒక్కరు కారు. నరకునిది అధికార మదము. హిరణ్యకశిపునిది కొడుకుపై ప్రేమ విరిగి విషమైన క్రోధము. 1967 నాటి ఆ చిత్రములో చిన్నారి రోజారమణిని ఎదుట నిలుపుకొని, చంపుమని ఆజ్ఞాపించుచునే తండ్రిగా లోలోపల విలవిలలాడు ఘట్టములలో ఆ భేదము తెలియును. ఆ చిత్రములో లీలావతి పాత్ర ధరించినది కాకినాడ సంఘము నాటి అంజలీదేవియే.

వీరందరిలో మిన్న కీచకుడు. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వములో లక్ష్మీరాజ్యము, శ్రీధరరావు నిర్మించిన 'నర్తనశాల' 1963లో విడుదలయినది. బృహన్నలగా రామారావు, సైరంధ్రిగా సావిత్రి. కీచకుడు చిత్రమంతయు నుండు పాత్ర కాదు. నడుమనే వచ్చి నడుమనే చచ్చును. విరాటపర్వము చదివిన ఉపాధ్యాయునికి ఈ పాత్రలోని చిక్కు తెలియును. వాడు కాముకుడు, కాని రాజ్యమును నిలిపియున్న సేనాని కూడ. కేవల కాముకునిగా చూపిన నవ్వు వచ్చును. కేవల వీరునిగా చూపిన సైరంధ్రి దుఃఖము పలుచబడును. రంగారావు కీచకునికి ఒక మత్తుతనము ఇచ్చినారు. అడిగినదెల్ల దొరకుటకు అలవాటుపడినవాని మత్తు అది. వాడు తొందరపడడు, బెదిరింపడు, చూచును. ఆ చూపులోనే సభికులకు వెన్ను జలదరించును. చివర నర్తనశాల చీకటిలో వాడు సొగసుగా అడుగులు వేయుచు పోవునప్పుడు, వానికి జరుగబోవునది తెలిసిన ప్రేక్షకుడు కూడ ఒక క్షణము ఆ సొగసును చూచి మైమరచును.

1964లో ఇండోనీషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవములో ఈ పాత్రకు గాను రంగారావుకు ఉత్తమ నటుడుగా బహుమానము లభించినది. కళాదర్శకుడు టి.వి.ఎస్. శర్మకు కూడ అచ్చటనే బహుమతి వచ్చినది. తెలుగు మాట తెలియని న్యాయనిర్ణేతలు ఒక తెలుగు నటుని మెచ్చుకొన్నారనగా, వారు చూచినది వాచికమును కాదు, ఆంగికమును, సాత్త్వికమును. స్వదేశ ప్రభుత్వము మాత్రము ఆయనకు పద్మ బిరుదము ఏదియు ఈయలేదు. జీవించి యుండగా లేదు, పిదప లేదు. జనులిచ్చిన 'విశ్వనటచక్రవర్తి' అను బిరుదమే మిగిలినది.

అరవదేశములో ఆయన మరియొక జీవితము గడిపినారు. తిరువళ్ళిక్కేణి బడిలో చెవిని పడిన భాష ఇచ్చట అక్కరకు వచ్చినది. అరవ చిత్రములలో తన సంభాషణలను తానే చెప్పెడివారు. 1960లో భీమ్‌సింగు తీసిన 'పడిక్కాద మేదై'లో శివాజీ గణేశన్‌ను పెంచిన కుటుంబపెద్దగా ఆయన నటన చూచి కంట తడిపెట్టనివారు లేరందురు. ఆ కథయే 1962లో తెలుగున 'ఆత్మబంధువు' అయినప్పుడు, నాయకుడు మారినాడు కాని పెద్దాయన మారలేదు. 'నానుమ్ ఒరు పెణ్' విషయములోను అంతే; తెలుగున అది 'నాదీ ఆడజన్మే' అయినప్పుడు మామగారి పాత్ర ఆయనదే. నాయకులకు బదులు నాయకులు దొరికినారు. ఆయనకు బదులు దొరకలేదు.

ఇంతటి పిలుపు మంచికే వచ్చినదని చెప్పజాలము. 1965 తరువాత ఆయన ఒప్పుకొన్న చిత్రములలో చాలవాటికి ఆయనతో పని లేదు. ఆయన రూపముతోనే పని. పట్టు అంగరకా తొడిగి, మేడమెట్ల మీద నిలిచి, కుమార్తె ప్రేమను కాదను ధనికుని వేషము ఎన్నిసార్లు ఇచ్చినారో లెక్క లేదు. అట్టిచోట ఆయన కొన్ని సారులు విసుగుతో నటించినట్లు తెరపైననే తెలిసిపోవును. మాట మ్రింగివేయును, చూపు ఎచ్చటనో ఉండును. మద్యపానము ఆయన బలహీనతయని, చిత్రీకరణకు సకాలమునకు రాకపోవుట వలన నిర్మాతలు ఇబ్బంది పడెడివారని చిత్రసీమలో అందరు ఎఱిగినదే. దాని ఫలము మొదట అనుభవించినది ఆయన దేహమే. అయినను అట్టి సాధారణ చిత్రములో సైతము, ఏదో యొక ఘట్టములో ఉన్నట్టుండి మేలుకొని, చుట్టునున్నవారినందరిని వెలవెలబోవజేసెడివారు.

ఆ విసుగు వలననేమో, ఆయన దర్శకత్వము వైపు తిరిగినారు. 1967లో 'చదరంగము', 1968లో 'బాంధవ్యాలు' తానే నిర్మించి దర్శకత్వము వహించినారు. రెండును కుటుంబకథలే, ఆర్భాటము లేనివి. 'బాంధవ్యాలు' ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా రాష్ట్ర ప్రభుత్వపు నంది పురస్కారము పొందినది. రెండు చిత్రములతోనే ఆయన ఆ పని మానినారు. వేటయన్నను, పెంపుడు కుక్కలన్నను ఆయనకు ప్రీతి. చాలమంది ఎఱుగని మాట యొకటి: ఆయన కథానికలు వ్రాసినారు, అవి పత్రికలలో వెలువడినవి, తరువాత సంపుటముగా వచ్చినవి. ప్రతిదినము ఇతరులు వ్రాసిన మాటలు పలుకు నటునికి తన మాటలు కొన్ని వ్రాసికొనవలెనని అనిపించుట సహజమే.

1974 ఆరంభములోనే గుండెజబ్బు ఆయనను హెచ్చరించినది. వైద్యులు విశ్రాంతి చెప్పినారు. ఒప్పుకొన్న చిత్రములు మిగిలియున్నవి. దాసరి నారాయణరావు తన తొలిచిత్రము 'తాత మనవడు'లో ఆయనకు ఇచ్చిన తండ్రి పాత్ర అప్పటికి జనుల మనసులలో పచ్చిగా నున్నది: కన్నకొడుకు నిరాదరణకు గురియైన వృద్ధుడు. ఆ వృద్ధునిగా నటించిన నాటికి ఆయనకు నిజముగా అరువది యేండ్లయినను నిండలేదు. 1974 జూలై 18వ తేదీన చెన్నపట్నములో మరల గుండెపోటు వచ్చి ఆయన కన్నుమూసినారు. యాబది ఆరవ పుట్టినరోజు గడచి పదునైదు దినములే అయినది.

మరుసటి సంవత్సరము 'యశోదకృష్ణ' విడుదలయినది. అందులో ఆయన కంసుడు. పదునారు సంవత్సరముల క్రిందట తొలిసారి ధరించిన కిరీటమునే మరల ధరించినారు; దేహము చిక్కినది, కంఠములో పూర్వపు నిండుదనము కొంత తగ్గినది. సభలోనికి ఆయన నడచి వచ్చునప్పుడు, చనిపోయిన మనిషిని తెరపై చూచుచున్నామని తెలిసిన ప్రేక్షకులు చాలచోట్ల లేచి నిలిచి చప్పట్లు కొట్టిరని చెప్పుకొందురు. 2013లో భారతీయ చలనచిత్రము నూరేండ్ల పండుగ జరుపుకొన్నప్పుడు తపాలాశాఖవారు విడుదల చేసిన బిళ్ళలలో ఒకదానిపై ఆయన ముఖమున్నది. 'మాయాబజారు'కు రంగులద్ది 2010లో మరల విడుదల చేసినప్పుడు, ఆయన మరణించిన చాలకాలమునకు పుట్టిన పిల్లలు లడ్డూలు ఎగిరి నోటిలో పడు ఘట్టము వచ్చినంతనే కుర్చీల మీద నిలుచుండి చూచినారు.